స్తోత్రం అన్న జవాబు

కరోనా రావడానికి రెండేళ్ల ముందు, జూన్ నెలలో, సికింద్రాబాద్‌లోని ఒక మిషన్ ఆసుపత్రిలో ఆడవాళ్ల సర్జికల్ వార్డుకు నన్ను ఇన్‌ఛార్జి సిస్టర్‌గా వేశారు. ఆసుపత్రి పేరు రాయను. అక్కడ పనిచేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, చెయ్యనివాళ్లకు చెప్పి ప్రయోజనం లేదు. ఇన్‌ఛార్జి సిస్టర్ అంటే వార్డుకు ఇంటిపెద్ద. స్టాఫ్ నర్సులకు డ్యూటీలు వేయడం, మందులు, దుప్పట్లు, డాక్టర్ల రౌండు, రోగుల బంధువుల తిట్లు, అన్నీ ఆమె నెత్తినే. ఆమె పైన నర్సింగ్ సూపరింటెండెంట్ ఉంటుంది, కింద స్టాఫ్ నర్సులు, వాళ్ల కింద ఆయమ్మలు. డాక్టర్లు ఈ వరసలో ఉండరు. వాళ్ల వరస వేరు, మా మాట అక్కడిదాకా వెళ్లాలంటే చాలా మెట్లు ఎక్కాలి.

మిషన్ ఆసుపత్రిలో రోజు ప్రార్థనతో మొదలవుతుంది. ఉదయం డ్యూటీ నర్సులు రాగానే, ఆసుపత్రి పాస్టరు గారు వార్డు మధ్యలో నిలబడి ఒక పాట పాడించి, నాలుగు మాటలు చెప్పి, ప్రార్థన చేస్తారు. ఆయన్ని అందరం చాప్లిన్ అయ్యగారు అనేవాళ్లం. ఆ తర్వాతే మా పని. అయ్యగారికి తోడుగా ఒక బైబిల్ స్త్రీ ఉండేది. ఇది మిషనరీల కాలం నుంచి వస్తున్న ఉద్యోగం. ఆమె మంచం మంచానికీ వెళ్లి, రోగుల పక్కన కూర్చుని, వాళ్ల గోడు విని, ప్రార్థన చేసి రావాలి. నర్సులకు గోడు వినే తీరిక ఉండదు కాబట్టి ఆ ఉద్యోగం అవసరమేనని నేను ఇప్పటికీ అంటాను.

మా వార్డు బైబిల్ స్త్రీ సంతోషమ్మ గారు. కృష్ణా జిల్లా మనిషి. పెళ్లయి ఇక్కడికి వచ్చి, భర్త పోయాక ఒక్కతే కూతుర్ని చదివించుకుంది. నాకంటే పెద్దది. సన్న అంచు తెల్ల చీర, నూనె రాసి బిగించిన ముడి, చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డ సంచి. క్రైస్తవులా, హిందువులా, ముస్లింలా అని చూసేది కాదు. ఎవరి పక్కనైనా కూర్చునేది, ఎవరి కాళ్లైనా పట్టేది. చివర్లో మాత్రం అందరికీ ఒకటే చెప్పేది. ఏం జరిగినా ముందు స్తోత్రం చెప్పమ్మా, అని. సూది వేస్తే స్తోత్రం, గంజి ఇస్తే స్తోత్రం, చుట్టాలు రాకపోతే ఒంటరిగా దేవుడితో మాట్లాడుకునే వీలు దొరికినందుకు స్తోత్రం. ఎడతెగకుండా ప్రార్థించడం అంటే పొద్దస్తమానం మోకాళ్ల మీద ఉండటం కాదనీ, ప్రతిదానికీ నోట్లోంచి కృతజ్ఞత రావడమేననీ ఆమె నమ్మకం. "నోటికి అలవాటు చెయ్యి తల్లీ, మనసు దానంతటదే వెనకాల వస్తది" అనేది.

క్రైస్తవులు కాని పాఠకుల కోసం ఈ స్తోత్రం గురించి కొంచెం చెప్పాలి. స్తోత్రం అంటే స్తుతి, కృతజ్ఞత. మా ఇళ్లల్లో అది ఊపిరి తీసినంత మామూలు మాట. ఎలా ఉన్నావు అంటే "దేవునికి స్తోత్రం". పిల్ల పాసైందా అంటే స్తోత్రం, ఫెయిలైందంటే దానికీ ఏదో ఉద్దేశం ఉంటుంది కాబట్టి స్తోత్రం. బాగున్నానని, బాగులేనని, ఆ సంగతి నీకు చెప్పనని, నన్ను వదిలిపెట్టమని, అన్నింటికీ ఆ ఒక్క మాటే చెల్లుతుంది. భక్తికి ఎంత పెద్ద మాటో, సమాచారానికి అంత పనికిరాని మాట. ముప్ఫై ఏళ్లకు పైగా నర్సుగా చేసి, పుట్టినప్పటి నుంచి చర్చిలో పెరిగిన నేను ఈ సంగతి అనుభవంతో రాస్తున్నాను.

ఆ ఏడాది మా ఆసుపత్రికి నాణ్యతా గుర్తింపు ఇచ్చేవాళ్ల తనిఖీ రాబోతోంది. అందుకని కొత్త పద్ధతులు పెట్టారు. అంతకుముందు నర్సు ప్రతి డ్యూటీలోనూ నాడి, జ్వరం, బీపీ, ఊపిరి చూసి రాసేది. ఇప్పుడు వాటితో పాటు నొప్పి కూడా అడగాలి. అసలు లేకపోతే సున్నా, భరించలేనంత ఉంటే పది, మధ్యలో ఎంతో రోగి తానే చెప్పాలి. పద్ధతి మంచిదే. కానీ దాన్ని తయారుచేసినవాళ్లకు సంతోషమ్మ గారు తెలియదు.

ఆమెకు పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయని ఆగస్టులో బయటపడింది. కడుపునొప్పిని ఎన్నాళ్లుగా స్తోత్రాలతో నెట్టుకొచ్చిందో ఆమెకే తెలియాలి. ఒక రోజు ప్రార్థన చేస్తూ చేస్తూ చెమటలు పట్టి స్టూలు మీద నుంచి జారితే అప్పుడు స్కానింగ్ తీయించాం. మా యూనిట్ చీఫ్, అంటే ఆ వార్డు సర్జన్లందరికీ పెద్ద, సోమవారం నాడు చిన్న రంధ్రాల ద్వారా పిత్తాశయం తీసేశారు. ఆపరేషన్ బాగా జరిగింది. ఇలాంటి వాళ్లలో చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వెళ్లిపోతారు. ఎప్పుడో ఒకరికి లోపల మూసిన చోట నుంచి పైత్యరసం కారుతుంది. అది ఎవరి తప్పూ కాకుండానే జరగవచ్చు. అయితే అది జరిగినట్టు త్వరగా తెలియాలి. తెలియడానికి ఉన్న మొదటి గుర్తు నొప్పి. తగ్గాల్సిన నొప్పి పెరుగుతుంది.

ఆ రెండు రోజులూ నన్ను తనిఖీ కాగితాల కోసం సూపరింటెండెంట్ ఆఫీసులో కూర్చోబెట్టారు. వార్డులో ప్రిసిల్లా అనే స్టాఫ్ నర్సు ఉంది. కొత్త పిల్ల, మంచి పిల్ల, సంతోషమ్మ గారి చర్చిలోనే పాటలు పాడేది. ఆ రోజుల్లో ఏం జరిగిందో తర్వాత ఏడుస్తూ తనే చెప్పింది. మంగళవారం పొద్దున్నే అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. సంతోషమ్మ గారి తల మీద చెయ్యి వేసి, రోగులందరూ వినేలా, మన అమ్మగారిని చూసి నేర్చుకోండి, మంచం మీద ఉండి కూడా ఎలా స్తుతిస్తోందో చూడండి అన్నారు. ఆయన అటు వెళ్లగానే ప్రిసిల్లా వచ్చి ఎలా ఉన్నారు అమ్మగారూ అని అడిగింది. స్తోత్రం తల్లీ. నొప్పి ఎంత ఉంది? దేవుని కృప, ఏమీ లేదు. ప్రిసిల్లా సున్నా వేసింది. సాయంత్రం డ్యూటీ పిల్ల కూడా సున్నానే వేసింది. ఆ రోజే కొంచెం జ్వరం వచ్చింది, నాడి వేగం పెరిగింది. డాక్టర్లు రౌండుకొచ్చి ఎలా ఉందమ్మా అంటే, చేతులు జోడించి "దేవునికి స్తోత్రం డాక్టరు గారూ" అంది. జ్వరం వల్ల నాడి పెరిగిందనుకున్నారు, ఒక యాంటీబయాటిక్ మార్చి పక్క మంచానికి వెళ్లారు.

పక్క మంచం మీద బాలమణి. రాంగోపాల్‌పేట్‌లో వాళ్లకు స్టీలు సామాన్ల దుకాణం. హెర్నియా ఆపరేషన్‌కు వచ్చింది. సూది చూపిస్తేనే వార్డంతా అదిరేలా అరిచేది. కట్టు మార్చడానికి వెళ్లిన నర్సును, డాక్టర్‌ను, ఆపరేషన్ చేయించుకోమన్న మొగుణ్ణి, ఆయన్ని కన్న అత్తగారిని, వరసగా అందర్నీ ఏకేది. ఆమె కేకలు పడలేక డాక్టరు రోజుకు నాలుగుసార్లు వచ్చి పొట్ట చూసి పోయేవాడు. నర్సులకు ఆమె అంటే తలనొప్పి. సంతోషమ్మ గారు అంటే ప్రాణం, ఎందుకంటే ఆమె ఏమీ అడగదు.

బుధవారం మధ్యాహ్నం నేను వార్డులో కాలు పెట్టానో లేదో బాలమణి నన్ను పట్టుకుంది. ఎప్పటిలాగే ఏదో గొడవ అనుకున్నాను.

"సిస్టర్, గీ బైబిలమ్మకు జెర చెప్పుండ్రి. పొద్దంత గా పాటనే. పాడితె పాడిందనుకో, మొత్తం సుత పాడది. సగంల ఆపుతది, మల్ల మొదటికెళ్లి షురూ జేస్తది. నాకు మస్తు పరేషాన్ అయితుంది."

అమ్మగారు పాడుతుంటే కోలుకుంటున్నట్టే మేడమ్, అని ప్రిసిల్లా సర్దిచెప్పబోయింది. నేను ఆ మంచం దగ్గరికి వెళ్లాను. సంతోషమ్మ గారు మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని ఒక పక్కకు పడుకుని ఉంది. పెదాలు ఎండిపోయాయి. సన్నగా ఏదో పాడుతోంది. చిన్నప్పటి నుంచి మేమందరం పాడే పాటే. బాలమణి చెప్పింది నిజం. చరణం మధ్యలో, మాట మధ్యలో ఆగిపోతోంది. కాసేపు ఊపిరి బిగబట్టి మళ్లీ మొదలుపెడుతోంది. ఆ పాట ఎక్కడ తెగుతోందో అక్కడ నొప్పి వస్తోంది. ఆమె మూలుగుతోంది, కాకపోతే మూలుగుకు రాగం కట్టింది.

ఎలా ఉన్నారు అని నేను అడగలేదు. చెయ్యి పట్టుకుంటే నాడి అందనంత వేగంగా ఉంది. పొట్ట మీద చెయ్యి వేశాను. చెక్కలా బిగుసుకుపోయింది. నేను కొంచెం నొక్కి వదలగానే ఆమె మంచం ఊచను గట్టిగా పట్టుకుని "స్తోత్రం, స్తోత్రం" అంది. నర్సింగ్ చదివే రోజుల్లోనే నేర్పుతారు, అలాంటి పొట్ట కనపడితే ఇక ఏమీ ఆలోచించొద్దని. తెర లాగాను. ప్రిసిల్లాను డాక్టర్‌కు ఫోన్ చెయ్యమని పరిగెత్తించాను.

"అమ్మగారూ, నేను దేవుణ్ణి కాదు, నర్సుని. నొప్పి ఎప్పట్నుంచి?"

ఆమె తెర వైపు చూసింది. గొంతు తగ్గించి అంది: "నిన్న పొద్దుటి నుంచమ్మా. పేగులు కోసేస్తన్నట్టుంది."

"మరి అడిగిన ప్రతిసారీ లేదని ఎందుకు చెప్పారు?"

"వార్డంతా నన్నే చూస్తా ఉంది విమలా. ఇన్నేళ్లు వీళ్లకి చెప్పిందాన్ని గదా. ఇప్పుడు నా దాకా వచ్చేసరికి మూలిగితే ఆ బాలమణి ఏమనుకుంటది? సాక్ష్యం పోదూ?"

సాక్ష్యం అంటే కోర్టు సాక్ష్యం కాదు. ఒక క్రైస్తవుడి బతుకు చూసి పక్కవాళ్లు దేవుణ్ణి నమ్మాలి, అలా బతకడాన్ని సాక్ష్యం అంటాం. సాక్ష్యం పోగొట్టుకోవడం మావాళ్లకు పరువు పోవడం కంటే పెద్ద విషయం. అందుకోసం ఆ మనిషి ఒక రోజుకు పైగా పేగులు తెగిపోతున్నంత నొప్పిని పళ్ల బిగువున దాచింది. నాకు జాలి కలగలేదు. ఒళ్లు మండింది. ఆమె మీద, తల మీద చెయ్యి పెట్టి అందరికీ చూపించిన అయ్యగారి మీద, పొట్ట తాకకుండా చేతులు జోడించినందుకే సంతోషపడి వెళ్లిపోయిన డాక్టర్ల మీద.

గంటలోపే థియేటర్‌కు తీసుకెళ్లారు. ఈసారి పొట్ట పెద్దగా తెరిచారు. లోపలంతా పైత్యరసం నిండి ఉంది. కడిగి, గొట్టాలు పెట్టి, ఐసీయూకు పంపారు. అప్పటికే విషం రక్తంలో కలిసింది. ఆమె కూతురు జెస్సీ నేరేడ్‌మెట్‌లో ఒక స్కూల్లో టీచరు. తరగతి మధ్యలో నుంచి వచ్చేసింది, చేతికి సుద్దముక్క పొడి అలాగే ఉంది. అమ్మ నాకు ఫోన్‌లో బాగున్నానంది ఆంటీ, అని మాత్రం అంది. ఆమె అందరికీ అదే చెప్పింది.

ఐసీయూలో సంతోషమ్మ గారి నోట్లో శ్వాస గొట్టం ఉంది కాబట్టి ఇక ఆ మాట అనడానికి వీల్లేదు. ఒకసారి తెలివి వచ్చి నన్ను గుర్తుపట్టింది. నేను వంగి, నొప్పి ఉందా అని అడిగాను. కళ్లు మూసుకుని అవునన్నట్టు తల ఊపింది. ఆ ఆసుపత్రిలో ఆమె రోగిగా ఇచ్చిన సరైన జవాబులు రెండు. మొదటిది తెర వెనకాల చెప్పింది, రెండోది నోరు లేనప్పుడు చెప్పింది. ఐసీయూ నర్సు నొప్పి మందు పెంచింది. ఆ వారం గడవకముందే సంతోషమ్మ గారు చనిపోయారు.

ఆసుపత్రిలో ఇలాంటి మరణం జరిగితే ఒక సమీక్షా సమావేశం పెడతారు. సర్జన్లు, మత్తు డాక్టరు, నర్సింగ్ సూపరింటెండెంట్, వార్డు ఇన్‌ఛార్జి కూర్చుని ఎక్కడ ఆలస్యమైందో మాట్లాడాలి. నాడి మంగళవారమే పెరిగింది కదా, పొట్ట ఎందుకు చూడలేదని నేను అడిగాను. జ్వరం ఉంది సిస్టర్, దానికి తగ్గ కారణం కనిపించింది అన్నారు చీఫ్. తర్వాత చదివి వినిపించిన తీర్మానంలో ఒక వాక్యం ఉంది. రోగి ఒక్కసారి కూడా ఫిర్యాదు చేయలేదు. అక్కడితో అందరూ చేతులు కడిగేసుకున్నట్టయింది. ఎవరి మీదా తప్పు లేదు, చనిపోయిన మనిషి మీద తప్ప.

ఆ సమావేశం జరిగిన వారంలోనే ఆసుపత్రి ప్రార్థన మందిరం చాపెల్లో ఆదరణ కూటం పెట్టారు. చనిపోయినవారి కుటుంబాన్ని ఓదార్చడానికి పెట్టే ప్రార్థన అది. అయ్యగారు చాలా బాగా మాట్లాడారు. ఆయన ఎప్పుడూ బాగానే మాట్లాడతారు. "అంత బాధలోనూ మన సంతోషమ్మ గారు ఒక్కసారైనా ఫిర్యాదు చేశారా? చెయ్యలేదు! చివరి వరకు ఆమె నోట స్తోత్రమే!" అన్నారు. వెనక వరసల నుంచి ఆమెన్, హల్లెలూయ అని వినిపించింది. నేను మూడో బెంచీలో కూర్చుని ఉన్నాను. అదే మాట. మేడ మీద సమావేశంలో డాక్టర్లను కాపాడిన మాటే, కింద చాపెల్లో ఆమెకు కిరీటమైంది. రెండుచోట్లా అందరికీ నచ్చింది.

తర్వాత జెస్సీని ముందుకు పిలిచి, అమ్మను బట్టి దేవుడికి కృతజ్ఞత చెప్పమన్నారు. ఆ పిల్ల లేచి నిలబడింది. మైకు చేతిలో పెట్టారు. అందరూ ఎదురుచూస్తున్నారు. ఆమె అంది: "నాకు చిన్నప్పుడు జ్వరమొస్తే మా అమ్మ ముందు స్తోత్రం చెప్పించేది. చెప్పిన తర్వాతే మాత్ర ఇచ్చేది." అంతే, మైకు అయ్యగారికి ఇచ్చేసి కూర్చుంది. అయ్యగారు వెంటనే అందుకుని, ఎంత చక్కటి పెంపకమో చూడండి అన్నారు. ఆమెన్ అన్నారు జనం. జెస్సీ నా వైపు తిరిగి చూసిన చూపు మర్చిపోలేను. ఆమె చెప్పింది ఒకటి, వాళ్లు విన్నది ఒకటి. తల్లికి జరిగిందే కూతురికీ జరిగింది.

ఆ తర్వాతి సోమవారం నుంచి నా వార్డులో రెండు మార్పులు చేశాను. నర్సులెవరూ రోగిని ఎలా ఉన్నారు, బాగున్నారా అని అడగకూడదు. ఎక్కడ నొప్పి, ఎప్పట్నుంచి, నిన్నటికంటే ఎక్కువా తక్కువా అని అడగాలి. స్తోత్రం అంటే, ఆమెన్ అమ్మా, ఇప్పుడు నొప్పి సంగతి చెప్పండి అనాలి. రెండోది, ఉదయం ప్రార్థన మేము రోగుల్ని చూడటం అయ్యాకే. పొద్దున్నే పాస్టరు గారు తల మీద చెయ్యి పెట్టి, అన్నింటికీ కృతజ్ఞత చెప్పు అని వెళ్లిన మరుక్షణం నర్సు వచ్చి నొప్పి ఎంత అని అడిగితే ఏ విశ్వాసురాలైనా సున్నా అనే అంటుంది. ముందు మేము పొట్టలు, కట్లు, నాడులు చూసేస్తాం, ఆ తర్వాత ఎంతసేపైనా ప్రార్థించుకోండి అన్నాను. నర్సులకు ఇది నచ్చింది. మంచాల మీద నుంచి నిజాలు రావడం మొదలైంది. దేవుడి బిడ్డలు చక్కగా మూలిగారు.

అయ్యగారు నన్ను గదికి పిలిపించారు. ప్రార్థనను రెండో స్థానంలో పెట్టారని బాధపడ్డారు. సంతోషమ్మ గారి పేరు మీద వార్డులో స్తుతిని ఆపుతున్నారని ఆసుపత్రి కమిటీ పెద్దలు అంటున్నారట.

"అయ్యగారూ, బైబిల్ వాక్యంలో భక్తులు దేవుడి ముందు ఏడ్చిన ఏడుపులన్నీ మీరే చదివి వినిపిస్తారు. సంతోషమ్మ గారు ఏడిస్తే మాత్రం సాక్ష్యం పోతుందా?"

ఆయన చాలా మృదువుగా, "మీరు కోపంలో ఉన్నారు సిస్టర్. మీ కోసం ప్రార్థన చేస్తాను" అన్నారు. చేసే ఉంటారు. తనిఖీ ముగిసి, నాణ్యతా గుర్తింపు వచ్చి, దానికి కృతజ్ఞతా కూటం కూడా అయ్యాక, నన్ను సర్జికల్ వార్డు నుంచి తీసి ఆపరేషన్ సామాను శుద్ధి చేసే విభాగానికి వేశారు. అక్కడ రోగులు ఉండరు. కత్తెరలు, పట్టకార్లు, ఆవిరి యంత్రాలు ఉంటాయి. వాటిని ఎలా ఉన్నారని ఎవరూ అడగరు. వార్డులో ప్రార్థన మళ్లీ పొద్దున్నే మొదటికి వచ్చింది. రిటైరయ్యేదాకా నేను అక్కడే ఉన్నాను. వీడ్కోలు రోజున స్తుతి గురించిన వాక్యం రాసిన గోడ గడియారం ఇచ్చారు. ఇంట్లో పెట్టుకున్నాను, టైము బాగానే చూపిస్తుంది.

నాకు ఇప్పటికీ కోపమే. ప్రార్థన మానలేదు. మానేద్దామనుకున్న రోజులు ఉన్నాయి. అప్పుడు కూడా ఆ మాట దేవుడికే చెప్పాను కాబట్టి అదీ ప్రార్థన కిందే లెక్క. సంతోషమ్మ గారు చెప్పినట్టు పొద్దస్తమానం ఆయనతో మాట్లాడుతూనే ఉంటాను. కాకపోతే ముందు నా ఫిర్యాదులు, తర్వాతే కృతజ్ఞత. ఆయన ఇంతవరకు నా మీద కమిటీ వెయ్యలేదు.

కిందటి నెల భుజం నొప్పితో మారేడ్‌పల్లిలో ఒక క్లినిక్‌కు వెళ్లాను. అక్కడి నర్సు చిన్న పిల్ల. కుర్చీ చూపించి, ఎలా ఉన్నారాంటీ అంది. దేవునికి స్తోత్రం అమ్మా, బాగున్నాను, అన్నాను. మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ఆ పిల్ల తల ఊపి కంప్యూటర్‌లో ఏదో కొట్టబోయింది. ఆగమ్మా, అదేమీ ఎక్కించకు అన్నాను. ఎడమ భుజం, వారం నుంచి, చెయ్యి పైకెత్తితే ప్రాణం పోతోంది, ఇది రాసుకో అన్నాను.

సంతోషమ్మ గారి ఉదంతం నాకు నేర్పింది ఇంతే. స్తోత్రం దేవుడికి చెప్పుకునే మాట. నర్సుకు చెప్పాల్సింది నొప్పి ఎక్కడో.